నిజాయితీ గల శాస్త్రజ్ఞుడు – యల్లాప్రగడ సుబ్బారావు

చదువుకు ప్రాణం నిజాయితీ. పరీక్షలో పక్కవాని జవాబు చూసి రాసే విద్యార్థి తనకు తెలియనిదాన్ని తెలిసినట్లు చూపిస్తాడు. ప్రయోగశాలలో రాని ఫలితాన్ని వచ్చినట్లు రాసుకునే పరిశోధకుడు తన తరువాత వచ్చేవారిని తప్పుదారి పట్టిస్తాడు. ఇతరుల శ్రమను తన పేరుతో ప్రచురించుకునే పండితుడు వారికి న్యాయంగా రావలసిన గుర్తింపును కాజేస్తాడు. ఈ మూడూ వేరువేరు తప్పులుగా కనిపిస్తాయి. కాని మూడింటికీ మూలం ఒక్కటే. అది ఉన్నది ఉన్నట్లు చెప్పలేకపోవడం. ఉన్నది ఉన్నట్లు చెప్పడాన్నే జీవితకాలం వ్రతంగా పాటించిన తెలుగువాడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ప్రపంచమంతటా లక్షలాది రోగులకు ఉపయోగపడిన మందుల వెనుక ఆయన కృషి ఉంది. అయినా ఆయన పేరు చాలామందికి తెలియదు. తెలియకపోవడానికి గల కారణాలలో ఆయన స్వభావం కూడా ఒకటి.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. పెద్ద కుటుంబం, చాలీచాలని రాబడి. బాల్యంలో సుబ్బారావుకు చదువు మీద ఏమంత శ్రద్ధ ఉండేది కాదు. పదమూడేళ్ల వయసులో, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలన్న తలంపుతో ఇల్లు విడిచి బయలుదేరారు. తల్లి వెంకమ్మ ఆయనను వెనక్కు రప్పించి మళ్లీ బడిలో చేర్చింది. ఆమె పట్టుదల గల ఇల్లాలు. కొడుకు ఎలాగైనా చదువుకోవాలన్నది ఆమె సంకల్పం.

రాజమండ్రిలో చదువుతుండగా సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులు కాలేకపోయారు. చివరకు మద్రాసు వెళ్లి తిరువల్లిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలలో చేరి, మూడవ ప్రయత్నంలో ఆ పరీక్ష గట్టెక్కారు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివారు. అప్పుడు ఆయన మనసు సన్యాసం వైపు మళ్లింది. రామకృష్ణ మిషన్‌లో చేరాలనుకున్నారు. తల్లి అంగీకరించలేదు. వైద్యం చదివి రోగులకు సేవ చేయడం కూడా ఆ మార్గమేనని పెద్దలు నచ్చజెప్పడంతో మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆయన చదువుకు ఆర్థికంగా అండగా నిలిచారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావుకు వివాహం జరిగింది.

అవి స్వాతంత్ర్యోద్యమపు రోజులు. గాంధీజీ పిలుపు విని ఎందరో విద్యార్థులు ఖద్దరు ధరించసాగారు. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి కూడా ఖద్దరు అంగీతోనే వెళ్లేవారు. ఆ విషయాన్ని బోధించే ఆంగ్లేయ ఆచార్యునికి ఇది నచ్చలేదు. ఫలితం తుది పరీక్షలలో కనిపించింది. రాత పరీక్షలలో సుబ్బారావు చక్కగా నెగ్గారు. అయినా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకంటె తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. విద్యాసంస్థలలో నిజాయితీ అంటే విద్యార్థులు కాపీ కొట్టకుండా ఉండడం ఒక్కటే కాదు. పరీక్షించేవారు కూడా నిజాయితీగా ఉండాలి. విద్యార్థికి ఏమి తెలుసు అన్నదే వారు చూడాలి. అతడు ఏమి కట్టుకున్నాడు, ఎవరి పక్షాన ఉన్నాడు అన్నది మార్కులలోకి రాకూడదు. ఆ న్యాయం తప్పితే పట్టాకు విలువ ఉండదు. సుబ్బారావుకు జరిగిన అన్యాయం ఆయన్ని చాలాకాలం వెంటాడింది. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగం దొరకలేదు.

ఇంతలో కుటుంబానికి పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో మరణించారు. వారిని బలిగొన్నది స్ప్రూ అనే వ్యాధి. ఈ వ్యాధి వచ్చినవారి పేగులు ఆహారంలోని సారాన్ని గ్రహించలేవు. విరేచనాలతో, రక్తహీనతతో రోగి క్రమంగా నీరసించిపోతాడు. సుబ్బారావుకు కూడా ఆ వ్యాధి సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. ఆ తరువాత లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్ర అధ్యాపకులుగా పనిచేశారు. సోదరుల మరణం ఆయన మనసులో ఒక ప్రశ్నను నాటింది. ఈ వ్యాధికి మందు ఎందుకు లేదు? ఆ ప్రశ్నకు జవాబు వెదకాలంటే ఉన్నత పరిశోధన చేయాలి. మామగారి సహాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతో ఆయన అమెరికాకు ప్రయాణమయ్యారు.

1922 అక్టోబరులో సుబ్బారావు బోస్టన్ చేరుకున్నారు. అక్కడి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం చదివారు. చేతిలో డబ్బు లేదు. పగలు చదువుకుంటూ, రాత్రివేళ ఆసుపత్రిలో కూలి పని చేశారు. రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేయడం ఆ పనిలో భాగం. వైద్యపట్టా పొందిన మనిషి ఆ పని చేయడానికి సిగ్గుపడలేదు. ఇంటి వద్ద భార్య ఒక మగశిశువును కన్నది. ఆ బిడ్డ తొమ్మిది నెలలకే మరణించాడు. తండ్రి కొడుకును చూడనే లేదు. కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తానని వెళ్లిన సుబ్బారావు మళ్లీ స్వదేశానికి రాలేదు.

చదువు పూర్తయ్యాక ఆయన హార్వర్డ్‌లోనే జీవరసాయన శాస్త్ర విభాగంలో చేరారు. అక్కడ ఆయనకు మార్గదర్శి సైరస్ ఫిస్కే. శరీరంలోని రక్తంలోను, కండరాలలోను భాస్వరం ఎంత ఉన్నదో ఖచ్చితంగా కొలిచే పద్ధతి ఆ రోజుల్లో లేదు. ఉన్న పద్ధతులు ఒకసారి ఒక విలువ చూపితే మరొకసారి మరొకటి చూపేవి. ఫిస్కే, సుబ్బారావు కలిసి ఒక కొత్త పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించారు. అది సూత్రంలో సులువైనది. పరీక్షించవలసిన ద్రవానికి ఆమ్లాన్ని, మాలిబ్డేటు లవణాన్ని, మరొక రసాయనాన్ని కలిపితే నీలిరంగు పుడుతుంది. ఫాస్ఫేటు రూపంలో భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే రంగు అంత చిక్కగా ఉంటుంది. ముందుగా తెలిసిన పరిమాణంతో తయారుచేసిన ద్రవపు రంగుతో దానిని పోల్చి లెక్క తేలుస్తారు. ఈ పద్ధతికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని పేరు వచ్చింది. దాని గొప్పతనం దాని నమ్మకంలో ఉంది. ఏ దేశంలో, ఎవరు చేసినా ఒకే ఫలితం వస్తుంది. శాస్త్రంలో నిజాయితీకి ఇదే గీటురాయి. ఒకరు చెప్పిన ఫలితాన్ని మరొకరు చేసి చూసుకోగలగాలి. తరువాతి కాలంలో ప్రపంచమంతటా జీవరసాయన విద్యార్థులు ఈ పద్ధతిని నేర్చుకున్నారు.

ఆ పద్ధతితో కండరాలను పరీక్షించినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. పోల్చడానికి పెట్టుకున్న ద్రవంలో నీలిరంగు వెంటనే వచ్చేది. కండరాల నుండి తీసిన ద్రవంలో మాత్రం రంగు నెమ్మదిగా, కొంచెం కొంచెంగా చిక్కబడేది. వెంటనే చూస్తే ఒక అంకె, అరగంట ఆగి చూస్తే మరొక అంకె. నిర్లక్ష్యంగా పనిచేసేవారు ఇలాంటి సందర్భంలో ఏమి చేస్తారు? తమకు అనుకూలమైన అంకెను రాసుకుని, రెండవదానిని పొరపాటు కింద కొట్టివేస్తారు. ఎవరూ అడగరు కూడా. సుబ్బారావు, ఫిస్కే అలా చేయలేదు. రెండు అంకెలనూ రాసుకున్నారు. ఈ ఆలస్యానికి కారణమేమిటని ప్రశ్నించుకున్నారు. కండరంలో భాస్వరంతో కూడిన ఏదో ఒక పదార్థం ఉన్నదని, అది ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేటును విడుదల చేస్తున్నదని వారు గ్రహించారు. ఎంతో శ్రమించి ఆ పదార్థమేమిటో తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేసినప్పుడు అది తగ్గుతుందని, విశ్రాంతి తీసుకున్నప్పుడు తిరిగి పెరుగుతుందని కూడా చూపారు. ఈ ఫలితాలు 1927లో వెలువడ్డాయి. ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కూడా ఆ సంవత్సరమే వేరుగా ఈ పదార్థం జాడ తెలుసుకున్నారు.

దీని ప్రాముఖ్యం తెలియాలంటే అంతకుముందు లోకం నమ్మిన విషయం తెలియాలి. కండరం కదలడానికి కావలసిన శక్తి లాక్టిక్ ఆమ్లం ద్వారా వస్తుందని అప్పటి సిద్ధాంతం. ఆ రంగంలో కృషి చేసిన హిల్, మేయర్‌హాఫ్ అనే శాస్త్రజ్ఞులకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. అంతటివారి సిద్ధాంతానికి తమ అంకెలు పొసగడం లేదని తెలిసినప్పుడు, పేరులేని ఒక యువ పరిశోధకుడు తన అంకెలనే అనుమానించడం సహజం. సుబ్బారావు పనిని మళ్లీ మళ్లీ సరిచూసుకున్నారు కాని, పెద్దల మాటకు సరిపోయేటట్లు దిద్దలేదు. తరువాత కొద్ది సంవత్సరాలలోనే ఆ పాత సిద్ధాంతం మారిపోయింది. 1929లో ఫిస్కే, సుబ్బారావు కండరాల నుండి మరొక ముఖ్య పదార్థాన్ని వేరుచేశారు. జర్మనీలో లోమన్ కూడా అదే సంవత్సరం దానిని ప్రకటించారు. దానిని నేడు ఏ.టి.పి. అంటున్నాము. ప్రాణికోటి శరీరాలన్నింటిలోను శక్తిని అందించే పదార్థమదే. 1930లో సుబ్బారావుకు హార్వర్డ్ విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇచ్చింది.

పేరు దక్కే విషయంలో మాత్రం ఆయనకు న్యాయం జరగలేదు. హార్వర్డ్‌లో ఆయన చాలాకాలం చిన్న పదవులలోనే ఉండిపోయారు. స్థిరమైన ఉన్నతోద్యోగం రాలేదు. ఆ కాలంలో అదే ప్రయోగశాలలో చదువుకున్న జార్జి హిచింగ్స్ తరువాత 1988లో నోబెల్ బహుమతి పొందారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలను ఫిస్కే వెలుగు చూడనీయలేదని, అందువల్ల వాటిని కొన్నేళ్ల తరువాత ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందని ఆయన తెలియజేశారు. ఒక మనిషి శ్రమకు గుర్తింపు ఇవ్వకపోతే నష్టం ఆ మనిషికే అని మనం అనుకుంటాము. కాని లోకానికి కూడా నష్టమే. తెలిసిన విషయాన్ని తిరిగి తెలుసుకోవడానికి ఇతరులు తమ కాలాన్ని వ్యర్థం చేసుకోవలసి వచ్చింది.

1940లో సుబ్బారావు విశ్వవిద్యాలయాన్ని విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. కొంతకాలానికి అక్కడి పరిశోధనలకు డైరెక్టరయ్యారు. ఆయన చేతి కింద ఎందరో రసాయన శాస్త్రజ్ఞులు, వైద్యులు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు పనిచేసేవారు. ఇప్పుడు ఇతరుల శ్రమకు గుర్తింపు ఇచ్చే అధికారం ఆయన చేతికి వచ్చింది. తనకు జరిగిన అన్యాయాన్ని ఆయన మరొకరికి చేయలేదు.

ఫోలిక్ ఆమ్లం కథ ఇందుకు నిదర్శనం. కాలేయంలోను, ఆకుకూరలలోను అతి స్వల్పంగా ఉండే ఈ విటమిను లోపిస్తే రక్తహీనత కలుగుతుంది. దానిని కాలేయం నుండి కొద్ది కొద్దిగా తీయడం ఎంతో కష్టం. సుబ్బారావు బృందం దాని నిర్మాణాన్ని తెలుసుకుని, 1945లో దానిని ప్రయోగశాలలో తయారు చేయగలిగింది. దాని నిర్మాణాన్ని వివరిస్తూ 1946లో వెలువడిన వ్యాసం కింద 16 మంది పేర్లు ఉన్నాయి. ఆ పరిశోధనకంతటికీ నాయకుడైన సుబ్బారావు పేరు మొదట లేదు. అక్షరక్రమంలో అది ఎక్కడ రావాలో అక్కడ, ఇతరుల నడుమ ఉంది. ఆ మందు స్ప్రూ రోగుల రక్తహీనతను కూడా తగ్గించింది. సోదరులను పోగొట్టుకున్న పాతికేళ్లకు, వారిని బలిగొన్న జబ్బుకు మందు దొరికింది. నేడు మన గ్రామాలలో గర్భిణులకు ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలలో ఉన్నది ఈ విటమినే.

ఆ విటమిను నుండి మరొక పెద్ద మేలు పుట్టింది. దానికి కారణం ఒక చెడు ఫలితాన్ని దాచకపోవడం. బోస్టన్‌లోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు, రక్తానికి వచ్చే క్యాన్సరుతో బాధపడే పిల్లలకు ఫోలిక్ ఆమ్లం వంటి పదార్థాలను ఇచ్చి చూశారు. మేలు చేస్తుందనుకున్న ఆ మందు వ్యాధిని మరింత వేగంగా పెంచుతున్నట్లు ఎముకల మూలుగను పరీక్షించినప్పుడు కనిపించింది. అది ఎంతో బాధ కలిగించే ఫలితం. దాచిపెడితే మందు తయారుచేసేవారికీ, వైద్యునికీ మాట రాదు. కాని ఫార్బర్ దానిని బయటపెట్టారు. ఫోలిక్ ఆమ్లం వ్యాధిని పెంచుతున్నదంటే, దాని పనిని అడ్డుకునే పదార్థం వ్యాధిని తగ్గించవచ్చు కదా అన్న ఆలోచన దానినుండి కలిగింది. అటువంటి పదార్థాలను సుబ్బారావు బృందంలోని రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేసి ఇచ్చారు. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చారు. వారిలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. 1948లో ఈ విషయాన్ని ప్రకటించినప్పుడు, ఈ మేలు శాశ్వతం కాదని కూడా స్పష్టంగా చెప్పారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ అనే మందును నేటికీ కొన్ని రకాల క్యాన్సర్లకు, కీళ్లవాతానికి వాడుతున్నారు.

సుబ్బారావు నాయకత్వంలో వచ్చిన మరొక మందు బోదకాలుకు సంబంధించినది. దోమకాటు వల్ల వ్యాపించే ఈ వ్యాధి కోస్తా జిల్లాలలో ఎందరినో పీడించేది. దీనికి విరుగుడుగా 1947లో హెట్రజాన్ అనే మందు వెలువడింది. డి.ఇ.సి. అన్న పేరుతో బోదకాలు నివారణ కార్యక్రమాలలో పంచే మాత్ర ఇదే. తాను పుట్టిన గోదావరి తీరాన్ని మళ్లీ చూడలేకపోయిన సుబ్బారావు కృషి, ఆ తీరంలోని పేదల ఇళ్లకు ఈ రూపంలో చేరుకుంది.

యాంటీబయాటిక్ మందుల కోసం సుబ్బారావు చేయించిన అన్వేషణలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పాల్గొన్నారు. విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసిన ఆ డెబ్బై యేళ్ల పెద్దను సుబ్బారావు ప్రయోగశాలలో చేర్చుకుని, పని అప్పగించారు. మట్టి నమూనాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, వాటిలో ఒకదాని నుండి ఆరియోమైసిన్ అనే మందును డగ్గర్ కనుగొన్నారు. 1948లో దానిని ప్రకటించిన వ్యాసంపై డగ్గర్ పేరు ఒక్కటే ఉంది. అన్వేషణకు పథకం వేసిన సుబ్బారావు, వ్యాసం మీద తన పేరు చేర్చుకోలేదు. కనుగొన్నవాడికే కీర్తి దక్కాలన్నది ఆయన నియమం.

అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. ఆస్తిపాస్తులు కూడబెట్టలేదు. బిరుదుల కోసం, పదవుల కోసం పాకులాడలేదు. ఆయన మరణానంతరం సహ శాస్త్రజ్ఞులు కొత్తగా కనుగొన్న ఒక బూజుజాతికి ఆయన పేరు కలిసి వచ్చేటట్లు సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం ఆయన చిత్రంతో తపాలా బిళ్లను విడుదల చేసింది.

సుబ్బారావు జీవితం మనకు చెప్పేది ఇది. చదువులో నిజాయితీ ఉపన్యాసాల వల్ల రాదు. భయం వల్ల కూడా రాదు. అది రోజూ చేసే చిన్న పనులలో అలవాటు కావాలి. ఇష్టం లేని అంకెను కూడా రాసుకోవడం ఆయన అలవాటు. తోడు పనిచేసినవారి పేరు చెప్పడం ఆయన అలవాటు. ఈ రెండు అలవాట్లు గల మనుషులు ఎక్కువగా ఉన్న కళాశాల, విశ్వవిద్యాలయం తనంతట తానే నమ్మదగినదవుతుంది. అన్యాయం జరిగిన చోట కూడా ఆయన ఆ అలవాట్లను వదలలేదు. తనకు ఇవ్వవలసిన పట్టా ఇవ్వకపోయినా, తన పేరు చేరవలసిన చోట చేరకపోయినా, తాను మాత్రం ఎవరి పేరునూ తుడిచివేయలేదు.

విద్యార్థులు కూడా ఈ పని నేటి నుండే మొదలుపెట్టవచ్చు. ప్రయోగశాలలో లోలకం ఊగే కాలాన్ని కొలిచినప్పుడు, పుస్తకంలో ఉన్న విలువ రాకపోతే వచ్చిన విలువనే రాయండి. అది ఎందుకు తేడాగా వచ్చిందో ఆలోచించండి. వ్యాసం రాసేటప్పుడు ఏ పుస్తకం నుండి విషయం తీసుకున్నారో చెప్పండి. లెక్క చేయడంలో స్నేహితుడు సహాయం చేస్తే అతని పేరు చెప్పండి. తెలియని ప్రశ్నను వదిలివేస్తే కొన్ని మార్కులు పోతాయి. ఆ మార్కులను మళ్లీ చదివి సంపాదించుకోవచ్చు. మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కిన ఒక కుర్రవాడు అలాగే ముందుకు సాగి, లోకానికి ఇంత మేలు చేశాడు.